వారాల లెక్క

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. టెక్సస్‌లో అబార్షన్ మీద నడుస్తున్న గొడవంతా రాసి, చివర్లో "మనకేంరా, 1971 నుంచే చట్టం ఉంది" అని ఓ ముక్క పడేశావు చూడు, అక్కడే నీతో నాకు పేచీ.

మన చట్టం ఇచ్చింది హక్కు కాదు, మినహాయింపు. గర్భం తీయించడం మన దగ్గర ఇప్పటికీ నేరమే; నిన్నటిదాకా ఐపీసీ సెక్షన్ 312, ఇప్పుడు దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 88. ఫలానా షరతుల్లో చేస్తే డాక్టరుకు శిక్ష లేదంటుంది నువ్వు చెప్పిన ఆ 1971 నాటి గర్భస్రావ చట్టం (ఎంటీపీ), అంతే. దాంతో కేసు భయంతో డాక్టర్లు ఎవరి జాగ్రత్తలో వాళ్లుంటారు, ఆమెకు మాత్రం వారాలు గడిచిపోతుంటాయి.

ఈ వారాల లెక్క చాలామంది మగాళ్లకు తెలీదు. లెక్క మొదలయ్యేది కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే మీ టెక్సస్‌లో 2021లో పెట్టిన ఆరు వారాల గడువు నిజానికి నెల తప్పాక రెండు వారాలే. నెలసరి క్రమం తప్పే పీసీఓడీ ఉండి రెండు నెలలకోసారి బయటుండే పిల్లకు అదీ లేదు. అబార్షన్‌ను హక్కుగా చూసిన రో తీర్పును 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ కాస్తా పోయింది. ఇప్పుడక్కడ డాక్టరుకు 99 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ప్రాణాపాయమైతే చేయొచ్చని రాశారు సరే, అపాయం ఎంత ముదిరాక?

సవిత గుర్తుందా, బెళగావి అమ్మాయి? 2012, ఐర్లండ్, 17 వారాలు. ఉమ్మనీరు పోయింది, బిడ్డ దక్కదని తేలింది, కానీ బిడ్డ గుండె కొట్టుకుంటోందని డాక్టర్లు ఆగారు, అక్కడ అబార్షన్ నిషేధం మరి. నీటి సంచి పగిలాక కింది నుంచి ఇన్ఫెక్షన్ ఎక్కుతుంది. గర్భసంచి ఖాళీ చేయకుండా యాంటీబయాటిక్స్ ఒక్కటే ఆపలేవు. ఆ ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి (సెప్సిస్) పోయింది. 2018లో ఐర్లండ్ జనం ఓటేసి ఆ నిషేధం తీసేశారు.

మనకు 20 వారాల దాకా ఒక డాక్టరు చాలు. 20 నుంచి 24 దాకా ఇద్దరు కావాలి, అదీ కొందరికే: అత్యాచార బాధితులు, మైనర్లు, మధ్యలో భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, ఇంకొందరు. పెళ్లికాని వాళ్లనూ 2022లో సుప్రీంకోర్టు చేర్చింది. 24 దాటితే, తల్లి ప్రాణం కాపాడాల్సిన సందర్భం వదిలేస్తే, పిండంలో పెద్ద లోపముండాలి, మెడికల్ బోర్డు 3 రోజుల్లో తేల్చాలి. 2021కి ముందు గీత 20 దగ్గరే ఉండేది. పిండం అవయవాల్లో లోపాలు చూసే టిఫా స్కాన్ చేసేదే 18-20 వారాలకు! లోపం బయటపడేసరికి గడువు అయిపోయేది.

ఇక చట్టంలో లేని అడ్డంకులు వేరే. "మీ ఆయన్ని తీసుకురామ్మా" అంటారు కౌంటర్లో. 18 నిండితే ఫారం సి అనే సమ్మతి పత్రం మీద ఆమె సంతకం ఒక్కటే చాలు. మొగుడిదీ అక్కర్లేదు, అత్తదీ అక్కర్లేదు. ఆ మాట తెలీక రెండు వారాలు తిరిగితే మాత్రలతో పోయేది కాస్తా ఆపరేషన్ దాకా వస్తుంది. మాత్రలు 9 వారాల లోపే మరి.

ఆ మాత్రల కిట్‌లో ఉండేవి ఐదు బిళ్లలు: మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములది ఒకటి, ఒకటి రెండు రోజులాగి మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు. చీటీ లేకుండా ఇవ్వకూడదు. కడుపులో ఆడో మగో చెప్పకూడదనే లింగ నిర్ధారణ నిషేధ చట్టంతో దీన్ని కలిపేసుకుని, చీటీ ఉన్నా స్టాకు పెట్టని షాపులున్నాయి. అప్పుడు చాటుగా అమ్మేవాడి దగ్గరికి పోతారు, స్కాన్ ఉండదు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. రెండు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. ఇంట్లో చేసే టెస్టు ఇంకా కొన్నాళ్లు పాజిటివ్ చూపిస్తుంది, దాన్నిబట్టి కంగారుపడి ఇంకో కిట్ మింగేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు చెప్పు, మనకేంరా అంటావా? తిట్టాలనుకుంటే తిట్టు కానీ ఆ సంతకం సంగతికి మాత్రం జవాబు రాయి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఉంటాను,
నీ సత్తి