పది యాప్‌ల పేర్లు కాదు, ఒక్క పాఠం చూపించండి

సంపాదకులకు,

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా ఉన్నత పాఠశాలలకు ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు, వచ్చాయి. కానీ చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో గంటసేపట్లో పది యాప్‌ల పేర్లు చెప్పి పంపిస్తే టీచరుకు బెంగ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ముందు చూసుకోవాల్సింది పిల్లలు ఎక్కడ తడబడుతున్నారన్నది. యాప్ సంగతి ఆ తర్వాత. పదో తరగతి విద్యుత్ పాఠమే తీసుకోండి. బల్బు దగ్గర కరెంటు కొంత ఖర్చయిపోయి, మిగిలిందే బ్యాటరీకి తిరిగొస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. బోర్డు మీద ఎంత గీసినా ఆ నమ్మకం కదలదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న ఫెట్ సిమ్యులేషన్లలో (తెర మీద చేసి చూసే ప్రయోగాల్లో) వలయాలు కట్టి చూసేది ఒకటుంది. అందులో 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓంల బల్బు కలిపితే కరెంటును కొలిచే అమ్మీటరు 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. అమ్మీటరును బల్బుకు అవతలివైపు పెట్టినా అంతే. అలాంటి బల్బే ఇంకొకటి శ్రేణిలో చేరిస్తే 0.45కి తగ్గుతుంది, అదీ వలయమంతటా ఒక్కటే. రీడింగ్ చూపించే ముందు ఎంత రావచ్చో పిల్లల చేత నోటుబుక్కులో రాయించాలి. అది రాయించకపోతే సిమ్యులేషన్ కూడా సినిమా చూసినట్టే అయిపోతుంది.

అన్నిటికీ ప్యానెల్ అక్కర్లేదు. ఆమ్ల, క్షారాలను గుర్తించే పాఠానికి మందార పూల రసం, నిమ్మకాయ, సబ్బునీళ్లు చాలు.

మందస, మెళియాపుట్టి కొండవార బడుల్లో సిగ్నల్‌ను నమ్ముకుని పాఠం మొదలుపెట్టకూడదు. ఫెట్ సిమ్యులేషన్‌ను ఒకే ఫైలుగా ముందే దించుకుని ల్యాప్‌టాప్‌లో ఉంచుకోవచ్చు. పాఠాల వీడియోలుండే ప్రభుత్వ దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్ స్కాన్ కాకపోతే దాని కింద ఉన్న ఆరు అక్షరాల కోడ్ కొట్టి, వీడియోను ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ల్యాప్‌టాప్ కలిపాక బొమ్మ వస్తుంది, వేలితో తాకితే మాత్రం ఏమీ కదలదు. ప్యానెల్ పాడైందని చాలామంది వదిలేసేది ఇక్కడే. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మను, శబ్దాన్ని మాత్రమే తెస్తుంది. టచ్ పనిచేయాలంటే యూఎస్‌బీ తీగ కూడా ప్యానెల్‌లోని టచ్ పోర్టుకు కలపాలి. ఇక పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. శబ్దం వస్తూ బొమ్మ రాకపోతే సాధారణంగా ఆ వీడియో ఫార్మాట్ ప్యానెల్‌కు తెలియనిదై ఉంటుంది, హెచ్.264 రకం ఎంపీ4గా మార్చుకుంటే దాదాపు అన్నిచోట్లా ఆడుతుంది. పాఠానికి ముందు చివరి బెంచీలో కూర్చుని ఒకసారి చూడండి. కిటికీ వెలుగు పడి అక్షరాలు కనిపించకపోతే ఆ కష్టమంతా వృథా.

అధికారులకు మా విన్నపం ఒక్కటే. ఒక్కో కాంప్లెక్స్ సమావేశానికి ఒకే సబ్జెక్టు, ఒకే పాఠం పెట్టండి. ప్రతి టీచరూ కనీసం 20 నిమిషాలు తన చేత్తో తీగలు కలిపి నడిపి చూడాలి. తరగతిలో పాఠం ఎక్కడ చిక్కుకుందో టీచర్లను మరుసటి సమావేశంలో చెప్పనివ్వండి. ఆ చిక్కు తీరేదాకా కొత్త యాప్ పేరు ఎత్తవద్దు.

- కొందరు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, గజపతినగరం, విజయనగరం జిల్లా