ఆర్.ఎన్.ఐ. నంబరుతో పత్రిక పేరుకు పూర్తి రక్షణ రాదు

సంపాదకులు గారికి, నమస్కారాలు.

కర్నూలు, నంద్యాల జిల్లాల్లో వెలువడే చిన్న దినపత్రికలు, వార, పక్ష పత్రికల పేర్లను పోలిన పేర్లతో వాట్సాప్ పీడీఎఫ్‌లు, యూట్యూబ్ చానళ్లు పుట్టుకొస్తున్న సంగతి మీకు తెలియంది కాదు. ఏది అసలు పత్రికో, ఏది దాని పేరు తగిలించుకుని తిరుగుతున్నదో పాఠకుడికి అంతుబట్టడం లేదు. ఈ మాట ఎత్తినప్పుడల్లా పత్రికల వాళ్లు చెప్పే సమాధానం ఒక్కటే: ‘మాకు ఆర్.ఎన్.ఐ. (భారత వార్తాపత్రికల రిజిస్ట్రార్) నంబరు ఉంది, మా పేరు ఇంకొకరు వాడుకోలేరు.’ ఈ ధీమాలో నిజం కొంతే ఉంది. మిగతా లోటు పూడాలంటే ట్రేడ్‌మార్కు చట్టాన్ని ఆశ్రయించక తప్పదని నా అభిప్రాయం.

1867 నాటి పత్రికల, పుస్తకాల నమోదు చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1956లో ఏర్పడిన ఆర్.ఎన్.ఐ. కార్యాలయమే ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమైంది. ఒక పత్రికకు ఉన్న టైటిల్‌ను, లేదా దానిని పోలిన టైటిల్‌ను, అదే భాషలో దేశంలో ఎక్కడా, వేరే భాషలోనైతే అదే రాష్ట్రంలో, మరొకరికి ఇవ్వకూడదన్నది పాత చట్టంలోనూ కొత్త చట్టంలోనూ ఉన్న నియమం. పోలిక ఉన్నట్టు తరువాత తేలితే నమోదును రద్దు చేసే అధికారం కూడా ఉంది. అయితే ఈ కట్టుబాటు అంతా అచ్చు పత్రికలకే. పీడీఎఫ్‌కు, వెబ్‌సైటుకు, యూట్యూబ్ చానల్‌కు ఈ చట్టం కింద టైటిల్ తీసుకోవలసిన పని లేదు. కాబట్టి టైటిల్ నమోదు ఎంత పక్కాగా ఉన్నా, అదే పేరుతో సెల్‌ఫోనులో వార్తలు పంచేవాడిని ఆ నంబరు ఆపలేదు.

అచ్చు పత్రికల విషయంలోనూ మన జిల్లాకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వేరే భాష, వేరే రాష్ట్రం అయితే అదే టైటిల్ ఇవ్వడానికి ఈ నియమం అడ్డు చెప్పదు. అంటే కర్నూలులో తెలుగులో వస్తున్న పత్రిక పేరుతోనే బళ్లారిలో కన్నడ పత్రిక సక్రమంగా నమోదు కావచ్చు. కాగితం మీద ఇందులో తప్పేమీ కనిపించదు. కానీ ఆదోని, మంత్రాలయం వైపు రెండు భాషలూ చదివేవాళ్లు ఇంటింటా ఉన్నారు, వ్యాపారాలు సరిహద్దుకు రెండు వైపులా నడుస్తాయి. ప్రకటన ఇవ్వదలచిన ఆదోని వ్యాపారికి రెండింటికీ సంబంధం ఉందనిపిస్తే అది అతని అమాయకత్వం కాదు. ట్రేడ్‌మార్కు నమోదు భాషతోనూ రాష్ట్రంతోనూ నిమిత్తం లేకుండా దేశమంతటా వర్తిస్తుంది.

ఈ గందరగోళం ఎలా సొమ్ము చేసుకుంటున్నారో చెప్పడానికి నేను చూసిన ఒక రసీదు చాలు. మొన్న ఉగాదికి ముందు వన్‌టౌన్‌లో మాకు తెలిసిన కిరాణా వ్యాపారి దగ్గర శుభాకాంక్షల ప్రకటన పేరుతో మూడు వేలు వసూలు చేసుకుపోయారు. రసీదు మీద కొండారెడ్డి బురుజు బొమ్మ, దాని పక్కన ఆయన ఎన్నో ఏళ్లుగా చందా కడుతున్న పత్రిక పేరులోని మొదటి మాట బొద్దు అక్షరాల్లో ఎర్రరంగులో ఉన్నాయి. రెండో మాట వేరు, అది బురుజు కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. చిరునామా లేదు, నమోదు నంబరు లేదు. ఆ ప్రకటన ఏ కాగితం మీదా అచ్చు కాలేదు, ఏదో వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్‌లో కనిపించిందట. వ్యాపారి వెళ్లి అసలు పత్రిక విలేకరిని నిలదీశాడు. సంబంధం లేని ఆ విలేకరి నలుగురి ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

మూడు వేల రూపాయల నష్టం ఒక లెక్క కాదనుకునేవారు కోర్టు నోటీసుల సంగతి ఆలోచించాలి. ప్రతివాదికి మామూలు పద్ధతిలో సమన్లు అందనప్పుడు పత్రికా ప్రకటన ద్వారా అందించే ఏర్పాటు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 5, రూల్ 20లో ఉంది. ప్రతివాది చివరిగా నివసించిన ప్రాంతంలో ప్రచారంలో ఉన్న దినపత్రికలోనే ఆ ప్రకటన రావాలని కూడా అందులో స్పష్టంగా ఉంది. పేర్లు కలిసిపోయినప్పుడు, జనం చదివే పత్రికలో రావలసిన నోటీసు ఎవరి కంటా పడని దానిలో వచ్చిందనుకుందాం. పొలం తగాదాలో ఒక రైతు మీద, అతను హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ (ఏకపక్ష తీర్పు) అయిపోయిన తరువాత, ఆ రెండు పేర్లలో తేడా ఒక్క మాటేనని వాదించుకుంటే ఏం లాభం?

ఇంతకీ ట్రేడ్‌మార్కు తీసుకోవడం చాలామంది భయపడుతున్నంత ఖరీదైన వ్యవహారం కాదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి (వస్తువులను, సేవలను చట్టం విభజించిన వర్గానికి) 4,500 రూపాయలు. వార్తాపత్రికలు 16వ తరగతిలోకి, ఆన్‌లైన్ ప్రచురణ సేవలు 41వ తరగతిలోకి వస్తాయి. రెండింటికీ కలిపి తొమ్మిది వేలు, నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత పునరుద్ధరించుకోవచ్చు. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ పరిధిలో ఉన్నా, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునేవారు అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు. నమోదు లేకపోయినా ఒకరి పేరును తనదిగా చలామణీ చేసుకునేవాడి మీద ‘పాసింగ్ ఆఫ్’ దావా వేసే హక్కు ఉంటుంది, నిజమే. కానీ అందులో పేరుకు ఎంత పరపతి ఉందో ముందుగా మనమే రుజువు చేసుకోవాలి. నమోదైన యజమానికైతే చట్టంలోని 134వ సెక్షన్ తన నివాసం లేదా వ్యాపారం ఉన్న చోటి కోర్టులోనే దావా వేసుకునే వెసులుబాటు ఇచ్చింది. సంపాదకుడు, విలేకరి, ప్రూఫ్‌రీడరు, బిల్లులు వసూలు చేసేవాడు అన్నీ ఒకరే అయిన పత్రికకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. డబ్బున్నవాడు ఎవడో ‘ప్రజా’, ‘వార్త’, ‘సీమ’ లాంటి మాటలన్నిటినీ తన పేర రాయించుకుంటే మిగతావాళ్లు ఏ పేరు పెట్టుకోవాలి? చిలుకూరి నారాయణరావు గారు 1928లో నంద్యాల సభలో ప్రతిపాదించిన రాయలసీమ అనే పేరు ఇక్కడి జనమందరిదీ, కొండారెడ్డి బురుజు కూడా అంతే. చట్టం కూడా ఈ మాటే అంటుంది. కేవలం ఊరి పేరును, వస్తువు స్వభావాన్ని చెప్పే మాటను తొమ్మిదో సెక్షన్ నమోదు కానివ్వదు, దీర్ఘకాల వాడకం వల్ల ఆ పేరు వినగానే ఫలానా పత్రికే గుర్తుకు వచ్చే స్థితి ఉంటే తప్ప. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి అన్నీ మన పాఠకుల చేతుల్లోకి వచ్చినవే. ‘ఆంధ్ర’ ఎవరి సొత్తూ కాలేదు, మొత్తం పేరు మాత్రం ఎవరిది వారిదే. ‘ఆజ్ తక్’ అనే హిందీ వార్తా చానల్ పేరు విషయంలో ఢిల్లీ హైకోర్టు 2002లో చెప్పిందీ ఇదే: విడివిడిగా ఆ రెండు మాటలూ అందరివీ, రెండూ కలిసిన పేరుకు మాత్రం రక్షణ ఉంటుంది. ట్రేడ్‌మార్కును చూపి విమర్శకుల నోరు మూయించడానికి ఏ పత్రిక అయినా ప్రయత్నిస్తే దానిని వ్యతిరేకించేవారిలో నేనూ ఉంటాను.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వేరే ఉంది. ఒక పేరును ఇంకొకరు ముందుగా ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నా, అంతకంటే ముందు నుంచి నిరంతరంగా వాడుతున్నవారి హక్కుకు ట్రేడ్‌మార్కుల చట్టంలోని 34వ సెక్షన్ భంగం రానివ్వదు. దానికి సాక్ష్యం కావాలి కదా. తేదీతో ఉన్న పాత సంచికలు, ప్రెస్సు బిల్లులు, ఏజెంట్ల లెక్కలు, ప్రకటనల ఆర్డర్లు చూపాలి. మన చిన్న పత్రికల్లో పదేళ్ల కిందటి ఫైళ్లు వరుసగా ఉన్నవి ఎన్ని? అద్దె గది మారిన ప్రతిసారీ ఒక కట్ట పాత కాగితాల కొట్టుకు పోతుంది, మిగిలింది చెదల పాలు. 1926లో అనంతపురంలో పప్పూరు రామాచార్యులు గారు ప్రారంభించిన శ్రీ సాధన పత్రిక గురించి ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నామంటే సంచికలు ఎవరో ఒకరు దాచబట్టే. ప్రతి సంచికనూ నిర్దేశిత గ్రంథాలయాలకు పంపాలని 1954 నాటి చట్టం, 1956 సవరణతో కలిపి, పత్రికలకు చెబుతూనే ఉంది. ఆ పని సక్రమంగా చేసిన పత్రికకు దాని పాత సంచికలు రేపు కోర్టులో సాక్ష్యంగా పనికొస్తాయి. పేరు విలువ ఎంతటిదో తెలియాలంటే, 2000లో మూతపడిన ఆంధ్రజ్యోతి 2002లో మళ్లీ అదే పేరుతో పాఠకుల ముందుకు వచ్చిన సంగతి తలచుకోవచ్చు.

టైటిల్ ఇచ్చేటప్పుడు ఇతర పత్రికల టైటిళ్లతో పాటు ట్రేడ్‌మార్కు రిజిస్టరును, ట్రేడ్‌మార్కు ఇచ్చేటప్పుడు పత్రికల టైటిళ్ల జాబితాను తప్పనిసరిగా సరిచూసే పద్ధతిని కేంద్రం నిబంధనల్లోనే చేర్చాలి. ఈలోగా జిల్లా సమాచార, పౌరసంబంధాల శాఖ కర్నూలు, ఆదోనిలలో చిన్న పత్రికల వారికి దరఖాస్తు విధానం మీద ఒక్కో అవగాహన సదస్సు పెట్టాలి. జిల్లాలో నమోదై వెలువడుతున్న పత్రికల పేర్లు, నంబర్లు, ప్రచురణ స్థలాలతో ఒక జాబితాను కలెక్టరేట్ నోటీసు బోర్డులోనూ జిల్లా వెబ్‌సైట్‌లోనూ పెడితే, ప్రకటన ఇచ్చే వ్యాపారి రసీదు చింపించుకునే ముందు ఒకసారి చూసుకోగలుగుతాడు. మీ పత్రిక కూడా తన అధికారిక వెబ్‌సైటు, వాట్సాప్, యూట్యూబ్ చానళ్ల వివరాలను వారానికి ఒక్కసారైనా మొదటి పేజీలో అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బుధవారపేట, కర్నూలు