స్తంభం పాతకముందే మమ్మల్ని అడగండి

పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హోర్డింగుల పర్మిషన్ల మీద గొడవలన్నీ దాదాపు ఒకేలా మొదలవుతాయండీ. పొద్దున్నే రోడ్డు పక్కన ఎవరో గొయ్యి తవ్వుతుంటారు. కేబుల్ పనేమో అనుకుని వెళ్లిపోతాం. తర్వాత క్రేన్ వస్తుంది, యూనిపోల్, అంటే ఒంటి స్తంభం మీద నిలబడే పెద్ద హోర్డింగ్, లేస్తుంది. అప్పుడు అందరం ఆఫీసుకు పరిగెడితే, "పర్మిషన్ ఉంది, ఫైలు ఎప్పుడో అయిపోయింది" అంటారు. ఇక మిగిలేది కోర్టు, స్టే, వాయిదాలు.

మా కాలనీలోనూ అదే జరిగింది. ఇది నివాస ప్రాంతం కదా అని అడిగితే, రోడ్డుకు అటువైపు కమర్షియల్ జోన్ అన్నారు. బోర్డు ఉన్నది అటువైపే, కాదనను. వెలుగు పడేది మాత్రం ఇటువైపు పడకగదుల్లో. ఎల్ఈడీ తెర మీద యాడ్ మారినప్పుడల్లా గోడ ఎర్రగా, ఆ వెంటనే నీలంగా మారుతుంది. కర్టెన్ వేసినా అంచుల్లోంచి వస్తూనే ఉంటుంది. బోర్డుకు అడ్డమొచ్చిన చెట్టు కొమ్మలు ఎవరు నరికారంటే మాత్రం ఎవరి దగ్గరా సమాధానం లేదు.

నేను అడిగేది ఒక్కటే. దరఖాస్తు అందగానే, పర్మిషన్ ఇవ్వకముందే, ఆ స్థలంలో నోటీసు పెట్టించండి. బోర్డు కొలతలు, ఎత్తు, లైటు రకం, దరఖాస్తుదారు పేరు, అభ్యంతరాలకు ఆఖరు తేదీ అందులో ఉండాలి. వచ్చిన అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఇల్లు కట్టుకునేవాడు సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) ఒక్క అడుగు తగ్గిస్తే ప్లాన్ తిప్పి పంపే శాఖకు ఇదేమంత కష్టమైన పని కాదు.

స్థలం ఏ శాఖదైనా ఈ నోటీసు తప్పకూడదు. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో ఈదురుగాలికి పెట్రోల్ బంకు మీద కూలిన హోర్డింగ్ సుమారు 120 అడుగుల పొడవు, అంతే వెడల్పు. అక్కడి కార్పొరేషన్ నిబంధనల ప్రకారం 40 అడుగులకు 40 అడుగులు మించకూడదు. స్థలం రైల్వే పోలీసుల ఆధీనంలోది కాబట్టి కార్పొరేషన్ పర్మిషన్ కావాలా వద్దా అన్న దగ్గరే పేచీ నడిచింది. 17 మంది చనిపోయారు. గాలికి స్థలం ఏ శాఖదన్న లెక్క ఉండదు కదండీ.

పాత బోర్డుల సంగతి ఇంకా చిక్కు. ఎప్పుడో ఫ్లెక్సీకి ఇచ్చిన పర్మిషన్ చూపించి, అదే స్తంభానికి డిజిటల్ తెర తగిలిస్తారు. నా దృష్టిలో అది పాత బోర్డు కాదు, కొత్త దరఖాస్తు. అమెరికాలోని ఆస్టిన్ నగరం ఇలాంటి మార్పుకు ఒప్పుకోకపోతే బోర్డుల కంపెనీలు దావా వేశాయి. దుకాణం తన ఆవరణలో పెట్టుకునే బోర్డుకు ఒక నియమం, వేరే చోటి వ్యాపారాన్ని చూపే హోర్డింగుకు ఇంకో నియమం పెట్టడం దానంతట అదే రాజ్యాంగ విరుద్ధమేమీ కాదని 2022లో అక్కడి సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో తేల్చింది. ఈ తేడా మన పర్మిషన్లలోనూ స్పష్టంగా ఉండాలి. కిరాయికి ఇచ్చే పెద్ద హోర్డింగుకూ, చిన్న దుకాణదారుడి తలుపు మీది పేరు బోర్డుకూ ఒకే రూలు పెడితే చివరికి నలిగిపోయేది ఆ దుకాణదారుడే. పైరవీ చేయించుకునే స్తోమత అతనికి ఎక్కడిది?

బ్రెజిల్‌లోని సావో పాలో 2006లో చట్టం చేసి, 2007 నుంచి హోర్డింగుల్ని పూర్తిగా తీసేయించింది. అక్కడ కూడా దుకాణాల పేరు బోర్డులు ఉంచారు, కాకపోతే ముందుభాగం వెడల్పును బట్టి సైజు కట్టడి చేశారు. నేను అంతదూరం వెళ్లమనడం లేదు. హోర్డింగుల వల్ల పట్టణాలకు ఆదాయం వస్తుందని తెలుసు, ఆ డబ్బుతోనే మా వీధి దీపాలు వెలుగుతాయనీ తెలుసు. కానీ ఆదాయం తీసుకునే ఆఫీసే అభ్యంతరాలు కూడా వింటే, తీర్పు ఎటు వస్తుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. విచారణ వేరే అధికారికి అప్పగించండి.

ఇప్పటికే నిలబడ్డ బోర్డుల మీద పర్మిషన్ నంబరు, గడువు తేదీ కింద నుంచి చదవగలిగేంత అక్షరాలతో రాయించండి. బోర్డు గట్టిగా నిలబడుతుందని చెప్పే స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్ ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో వెబ్‌సైట్‌లో పెట్టించండి. ఈ ఉత్తర్వు వచ్చే రెన్యువల్స్ కంటే ముందే వెలువడితే మేలు. అవి ఒకసారి అయిపోతే మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సింది మేమే.

ఇట్లు,
ఒక కాలనీ సంక్షేమ సంఘం సభ్యుడు