తాత పేరు మీద ట్రస్టు పెట్టేముందు

స్టుట్‌గార్ట్, జర్మనీ

చిన్నాయనకి నమస్కారాలు.

పిన్నమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయని తమ్ముడు చెప్పాడు, సంతోషం. తాత పేరు మీద ట్రస్టు పెట్టాలని అందరికీ ఉందట గానీ, విగ్రహమా, కల్యాణ మండపమా, షాపు ఎవరి చేతిలో ఉండాలి అన్న దగ్గర మాట తెగడం లేదట. ఫోన్లో చెబితే సగం మాటలు మరుగున పడతాయి, అందుకే రాస్తున్నాను. నేనుండే ఊళ్లోనే ఈ పని చేసిన కుటుంబం ఒకటి ఉంది. వాళ్ల సరుకు మీకు నాకంటే బాగా తెలుసు. 1951లో మొదలైన మన బెంగళూరు మైకో కంపెనీ వాళ్లదే. 2008లో దానికి బాష్ అని పేరు మార్చారు.

చీమకుర్తి రాళ్ల లారీల డీజిల్ పంపులు రిపేరుకి కావలి దాకా మన షాపుకే వచ్చేవి కదా. నాజిల్ టెస్టర్‌కి బిగించి మీరు హ్యాండిల్ కొడుతుంటే నేను పక్కన నిలబడి చూసేదాన్ని. మంచి నాజిలైతే డీజిల్ పొగమంచులా పలచగా చిమ్మి టక్కున ఆగేది. కొన మీద ఒక్క బొట్టు నిలిచినా మీరు ఒప్పుకునేవారు కాదు, విప్పి మళ్లీ నూరేవారు. ఆ డీజిల్ పంపుల్ని బాష్ కంపెనీ 1927లో పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది.

రాబర్ట్ బాష్ 1861లో ఉల్మ్ దగ్గర ఆల్బెక్ అనే పల్లెలో పుట్టాడు. పన్నెండు మందిలో పదకొండోవాడు. నాయనకి పొలమూ, బాటసారులు దిగే సత్రమూ ఉండేవి. అమెరికా వెళ్లి కొన్నాళ్లు ఎడిసన్ కంపెనీలో పనిచేసి వచ్చి, 1886లో ఒక మెకానిక్‌నీ, ఒక కుర్రాణ్నీ పెట్టుకుని ఈ ఊళ్లో వర్క్‌షాపు తెరిచాడు. మరుసటి ఏడు ఒకాయన వచ్చి తన ఇంజనుకి మాగ్నెటో, అంటే ఇంధనం అంటుకోవడానికి నిప్పురవ్వ పుట్టించే పరికరం, చేసిపెట్టమన్నాడు. అలాంటిది అప్పటికే డాయిట్స్ కంపెనీ ఇంజన్ల మీద ఉంది. బాష్ దాన్ని చూసొచ్చి, పేటెంటు లేదని తెలుసుకుని, ఇంకా గట్టిగా చేసిచ్చాడు. 1897లో దాన్నే మోటారు బండికి అమర్చారు. హైవోల్టేజి మాగ్నెటో, స్పార్క్ ప్లగ్ మాత్రం ఆయన దగ్గర పనిచేసిన గాట్లోబ్ హోనోల్డ్ చలవ, 1902 నాటి మాట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తాత కొత్తగా కనిపెట్టిందేముంది అని పెదనాయన అన్నాడట. స్పేర్లు దొరకని రోజుల్లో, ఇరుక్కుపోయిన నాజిల్ ఊడదీయడానికి తాత లేత్ మీద సొంతంగా పుల్లర్ చేసుకున్నాడు. ఇప్పటికీ మీరు దాన్నే వాడుతున్నారు. ఉన్నదాన్ని మనిషి చేతికి పనికొచ్చేలా మార్చడం కూడా కనిపెట్టడమే, పెదనాయనకి ఈ మాట నా మాటగా చెప్పండి.

బాష్ 1906లోనే తన పనివాళ్లకి ఎనిమిది గంటల పనిదినం పెట్టాడు. 1910లో ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీకి పది లక్షల మార్కులు ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం ఆర్డర్ల మీద వచ్చిన లాభం ఉంచుకోబుద్ధి కాక, అందులోంచి 1 కోటీ 30 లక్షల మార్కులు నెక్కార్ నదిని పడవలకి అనువుగా చేసే పనికి రాసిచ్చాడు. 1940లో ఆస్పత్రి కట్టించాడు. అది హోమియోపతి ఆస్పత్రిగా మొదలైంది, పిన్నమ్మ వింటే మురిసిపోతుంది. ఇప్పుడది ఊళ్లో పెద్ద ఆస్పత్రుల్లో ఒకటి.

కథలో చీకటి కూడా ఉంది. హిట్లర్ కాలంలో ఆ కంపెనీ యుద్ధ సామగ్రి చేసింది, వేలమందితో బలవంతంగా పని చేయించుకుంది. అదే సమయంలో బాష్, ఆయన తర్వాత పగ్గాలు పట్టిన హాన్స్ వాల్స్ యూదులకి లోలోపల సాయం చేశారు, హిట్లర్‌ని దించాలన్న వాళ్లకి అండగా నిలిచారు. రెండోది ఉంది కదా అని మొదటిది చెరిగిపోదు.

ఆయన 1942లో పోయాడు. వీలునామాలో అన్నీ బిగించి పెట్టలేదు. ఆస్తి ఏం చేయాలో తేల్చడానికి తను నమ్మిన మనుషులకి 30 ఏళ్ల గడువిచ్చి, దారి మాత్రం చూపించాడు: వైద్యం, చదువు, దేశాల మధ్య సఖ్యత. వాళ్లు తొందరపడలేదు. 1964లో వారసులు తమ షేర్లలో చాలా భాగం ట్రస్టుకి వదులుకున్నారు, చిన్న వాటా మాత్రం ఉంచుకున్నారు. ఇప్పుడు కంపెనీలో నూటికి తొంభైకి పైగా ట్రస్టుదే. కానీ కంపెనీ ఎలా నడవాలో చెప్పే ఓటు ట్రస్టుకి లేదు. ఆ హక్కు వేరే సంస్థ చేతిలో ఉంది. వ్యాపారం తెలిసినవాళ్లు వ్యాపారం చూసుకుంటారు, ట్రస్టు తనకొచ్చే డివిడెండును ఖర్చుపెడుతుంది. ఇప్పటిదాకా 200 కోట్ల యూరోలకి పైగా ఇచ్చారు. మంచి బడులకి 2006 నుంచి బహుమతి ఇస్తున్నారు. ఫ్రాన్స్, పోలండ్‌లతో పాత పగలు పోవడానికి పిల్లల్నీ, పెద్దల్నీ అటూ ఇటూ పంపించారు. ట్రస్టు ఆఫీసు బాష్ సొంతింట్లోనే ఉంది, గుట్ట మీద, 1911 నాటి ఇల్లు.

మన గొడవకి ఇదే మందని నాకు గట్టిగా అనిపిస్తోంది. షాపు నడపడం, డబ్బు పంచడం ఒకే మనిషి చేతిలో పెట్టకండి. షాపు మీరూ తమ్ముడూ చూసుకోండి, ధర మీ ఇష్టం, పనివాళ్లు మీ ఇష్టం. ట్రస్టులో పెదనాయన, అత్త, బయటివాళ్లు ఒకరిద్దరు కూర్చోవాలి. ఏటా లాభంలో ఇంత అని కాగితం మీద రాసుకుంటే వాళ్లు మిమ్మల్ని అడగక్కర్లేదు, మీరు వాళ్లకి లెక్క చెప్పుకోనక్కర్లేదు. విగ్రహం వద్దు చిన్నాయనా. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలకి ఫీజు కట్టి, ఒక టూల్ కిట్ కొనిద్దాం. ఆడపిల్లలు వస్తే ముందు వాళ్లకి.

నాన్న వాటాగా నాకొచ్చే షాపు భాగం ట్రస్టుకి రాసిస్తాను. అమ్మతో మాట్లాడాను, ఒప్పుకుంది. వకీలు చేత ముసాయిదా రాయించి పంపండి, ఇక్కడ కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపిస్తాను. పుల్లర్ మాత్రం షాపులోనే ఉండనివ్వండి, మీకు రోజూ దానితో పని.

పెదనాయనకి, అత్తకి నమస్కారాలు.

మీ పెద్దమ్మాయి