టీకా రోజున తల్లినీ అడగండి

సంపాదకులకు,

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం సూదులకు తల్లి బిడ్డనెత్తుకొని తప్పకుండా వస్తుంది. బిడ్డను తూస్తారు, కార్డులో రాస్తారు, జ్వరమొస్తే ఏం చేయాలో చెప్తారు. తల్లి మనసు ఎట్లుందో మాత్రం అడగరు. ఆ రోజే అడగాలని, అందుకు కొత్త సిబ్బంది అక్కర్లేదని చెప్పడానికే ఈ లేఖ.

కాన్పయిన రెండో, మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందిలో ఉంటాయి. తోడు, నిద్ర దొరికితే రెండు వారాల్లో అవే పోతాయి. అప్పటికీ దిగులు వదలకపోతే అది కుంగుబాటు, వైద్యం చేయాల్సిన జబ్బు. మన దేశంలోని 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వేసిన లెక్కలో, బాలింతల్లో 22 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది.

మన దగ్గర ఇది చేజారేది ఎక్కువగా రెండు ఊళ్ల మధ్య. తొలి కాన్పు తల్లిగారింట్లో. దవాఖానలో కాన్పయితే ఆ ఊరి ఆశ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూస్తుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బాలింత బిడ్డతో అత్తగారింటికి పోతుంది. అక్కడి ఆశకు ఆమె సంగతి తెలియదు. కుంగుబాటు మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలవచ్చు. అమ్మ చేతి ఆసరా పోయి, పొయ్యి పని, చేను పని మీద పడ్డప్పుడు ముదురుతుంది. పంపేటప్పుడు ఈ ఊరి ఆశ ఆ ఊరి ఆశకు ఒక్క ఫోన్ చేస్తే చాలు.

ఈ తల్లులు ‘మనసు బాగలేదు’ అని రారు. తలనొప్పి, నడుం నొప్పి, గుండె దడ, ‘పాలు పడుతలేవు’ అంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజు ఎక్కించి, బి-కాంప్లెక్స్ రాస్తాడు. నిద్రలేదంటే అల్ప్రాజొలాం అనే మత్తు మాత్ర ఇస్తాడు. దాంతో మత్తు వస్తుంది కానీ జబ్బు పోదు, పాలు తాగే బిడ్డా మగతగా ఉండొచ్చు.

అడగాల్సినవి రెండే ప్రశ్నలు. గత రెండు వారాల్లో దిగులుగా, ఏ ఆశా లేనట్టు అనిపించిందా? ఇదివరకు ఇష్టపడిన పనులు కూడా చేయబుద్ధి కావడం లేదా? ఒక్కోదానికి అసలు లేదంటే 0, కొన్ని రోజులైతే 1, సగానికి మించిన రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 3 గానీ, ఎక్కువ గానీ వస్తే బాలింతల కుంగుబాటును కొలిచే ఎడిన్‌బరో పది ప్రశ్నలు అడగాలి. 30కి 13 గానీ, ఎక్కువ గానీ వస్తే ఆ రోజే మెడికల్ ఆఫీసర్ చూడాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి ‘అవును’ అంటే మొత్తం ఎంతొచ్చినా డాక్టరుకు చూపించడానికి ఆగొద్దు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం తప్పు.

అత్త పక్కన నిలబడి ఉంటే ఏ కోడలూ నిజం చెప్పదు. బిడ్డను తూయడానికి అత్త చేతికిచ్చి పంపి, లోపల బీపీ చూస్తూ తల్లిని అడగాలి. ‘బిడ్డ పడుకున్నంక నీకు నిద్ర పడుతుందా?’ అన్న మాట కూడా కలపాలి. బిడ్డ నిద్రపోయినా తల్లి కళ్లు తెరుచుకొనే ఉంటే, అది పాలిచ్చే అలసట ఒక్కటే కాదు.

మందుకు ముందు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) చూడాలి. రక్తహీనత, థైరాయిడ్ రెండూ ఇలాగే కనిపిస్తాయి. మునుపెప్పుడైనా నిద్ర లేకున్నా అతి హుషారుగా తిరిగిన రోజులున్నాయా అని ఇంటివాళ్లను అడగాలి. ఉంటే మానసిక వైద్యులే మందు మొదలుపెట్టాలి. తేలికపాటి కుంగుబాటుకు వారం వారం మాట సాయం, రాత్రి నాలుగైదు గంటలు తెగని నిద్ర ముందు కావాలి. ఆ సమయంలో బిడ్డను భర్త చూసుకోవాలి. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మామూలు ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది ఇళ్లకెళ్లి మాట్లాడితే, ఆరో నెలకు కుంగుబాటు 53 శాతానికి బదులు 23 శాతమే మిగిలిందని 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మన ఆశలూ చేయగల పనే.

మందు అవసరమైతే పాలిచ్చే తల్లికి సాధారణంగా మొదట సెర్ట్రాలిన్ ఎంచుకుంటారు. పాలలోకి చాలా తక్కువ వెళ్తుంది, పాలు మాన్పించక్కర్లేదు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే ‘పని చేస్తలేదు’ అని ఆపేయడంతోనే చాలామంది వైద్యం చెడుతోంది. నయమయ్యాకా కనీసం ఆరు నెలలు వాడాలి. ఈ మందు ప్రతి పీహెచ్‌సీలో ఉండాలి.

ఇక తెల్లవార్లూ నిద్ర లేకుండా, పొంతన లేని మాటలు, ‘ఇది నా బిడ్డ కాదు’ అన్న అనుమానం మొదలైతే గాలి సోకిందని తాయెత్తు కోసం పోవద్దు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింట వచ్చే ఈ స్థితి అత్యవసరం. తల్లినీ, బిడ్డనూ ఒంటరిగా వదలకుండా 108లో వరంగల్ ఎంజీఎం దవాఖానకు తేవాలి. తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్ ఉంటే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. బాలింతకు నీళ్లు తాగనియ్యకపోతే ఆ ముప్పు పెరుగుతుంది. దాహమైనన్ని నీళ్లివ్వండి. చావు మాట ఎత్తిన తల్లి ఉన్న ఇంట్లో పత్తికి తెచ్చిన పురుగుమందు, గడ్డిమందు ఒక్క సీసా కూడా ఉండొద్దు.

మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తల్లీబిడ్డల కార్డు అట్ట మీద ఆ నంబరు, లోపల రెండు ప్రశ్నల మార్కులకు ఒక గడి అచ్చు వేయించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం. దవాఖానలో చేరిస్తే బిడ్డను దూరం చేస్తారన్న భయంతో ఆగిపోయే ఇళ్లూ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి సాధారణంగా వేరు చేయకూడదు. వార్డులో బిడ్డకూ, తోడుండే ఆడమనిషికీ చోటు చూపించాలి.

– కుటుంబ వైద్యులు, హనుమకొండ