ఖాతా నంబరు ముందున్న సున్నా ఏమైంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఆదోని పక్క పల్లెలో ఒక పత్తి రైతుకు రావాల్సిన డబ్బు "ఖాతా నంబరు తప్పు" అని వెనక్కి పోయింది. పాసు పుస్తకంలో ఆ నంబరు సున్నాతో మొదలవుతుంది. కంప్యూటర్‌లో ఆ సున్నా లేదు. కౌంటర్‌లో అమ్మాయి సున్నా కొట్టింది, నేను పక్కనే ఉండి చూశాను. సేవ్ నొక్కగానే పోయింది.

నేను యార్డులోని కమీషన్ కొట్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిస్తుంటాను కాబట్టి జబ్బు ఎక్కడుందో తెలుసు. డేటాబేస్‌లో టేబుల్ (వివరాల పట్టిక) కట్టినవాళ్లు ఖాతా నంబరు కాలమ్‌ను అంకెల టైపులో పెట్టారు. అంకెలో ముందు సున్నా నిలవదు. అయినా ఖాతా నంబర్లను ఎవరు కూడతారండీ? అది వార్‌చార్‌గా, అంటే అక్షరాల టైపులో ఉండాలి. సర్వే నంబరూ అంతే, 214/2ఎ అన్నది అంకెల కాలమ్‌లో ఎలా పడుతుంది? తూకం అంకే గానీ డెసిమల్ (దశాంశాలు నిలిచే టైపు) కావాలి. ఇంటిజర్ (పూర్ణాంకాల టైపు) పెడితే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 12.40 క్వింటాళ్లను కిక్కురుమనకుండా 12 చేసేస్తుంది. 40 కిలోల పత్తి గోవిందా.

"టేబుల్ వేరేవాళ్లు కట్టారు, మాకేం తెలుసు" అంటారు కోడ్ రాసేవాళ్లు. అడిగితే డేటాబేసే చెబుతుంది కదా! మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడు డేటాబేసుల్లోనూ ఇన్ఫర్మేషన్ స్కీమా (టేబుళ్ల సంగతులు చెప్పే చోటు) ఉంది. అందులోని కాలమ్స్ అనే జాబితాను టేబుల్ పేరుతో అడిగితే ప్రతి కాలమ్ పేరు, టైపు, ఎన్ని అక్షరాలు పడతాయన్నదీ వరసగా వస్తాయి. అదే పనికి ఒరాకిల్ డేటాబేస్‌లో అయితే ఆల్ ట్యాబ్ కాలమ్స్, ఎస్‌క్యూలైట్‌లో ప్రాగ్మా టేబుల్ ఇన్ఫో (అక్కడ టైపు చాలావరకు పేరుకే అనుకోండి). జావా భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకు రిజల్ట్‌సెట్ మెటాడేటా (వచ్చిన ఫలితంలోని కాలమ్‌ల వివరాలు) ఉంది. వేర్ 1=0 అని ఎప్పటికీ నిజం కాని షరతు పెట్టి ఒక్క వరస కూడా తెప్పించకపోయినా కాలమ్ టైపులు అందులో దొరుకుతాయి. ఫారం తెరిచేటప్పుడే ఈ పరీక్ష పెట్టి, ఖాతా నంబరు కాలమ్ అంకెల టైపులో కనబడితే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోవాలి. పట్టుమని పది లైన్ల పని.

మన జిల్లా కాలేజీల నుంచి నా దగ్గరికి పనికి వచ్చే పిల్లలకు టేబుళ్లను కలిపే జాయిన్‌లు నోటికి వచ్చు, ఈ సంగతి మాత్రం తెలియదు. ల్యాబ్‌లో ఒక్క పూట దీనికి ఇవ్వమని లెక్చరర్లను కోరుతున్నాను.

రైతుల వివరాల టేబుళ్లు నడిపేవాళ్లకు ఇంకో మాట. ఇప్పుడు కాలమ్ టైపు మార్చినంత మాత్రాన పోయిన సున్నాలు తిరిగి రావు. పాసు పుస్తకాలు తెప్పించి, ఆ ఖాతాలను మళ్లీ ఎక్కించాలి. తర్వాతి విడత డబ్బు వేయకముందే ఆ పని చేయండి.

– ఒక ప్రోగ్రామర్, ఆదోని, కర్నూలు జిల్లా