ఒక్క బర్రె రక్తం చూసి ఇక చెప్పను

కందుకూరులో మా పశువుల రక్తపరీక్షల ల్యాబ్‌కి వచ్చే పాడి రైతులందరికీ.

బర్రె ఈసుకుపోయిందని (నెలలు నిండకుండానే కడుపు పోయిందని) మీరు రక్తం తెస్తే నియోస్పోరా పరీక్ష చేసి కాగితం ఇస్తున్నాం కదా. నియోస్పోరా అంటే పశువులు ఈసుకుపోయేలా చేసే ఒక పరాన్నజీవి. ఇకనుంచి ఒక్క పశువు రక్తమే తెస్తే ఆ పరీక్ష చేయం. కారణం నా తప్పే.

సంక్రాంతి ముందు కొండపి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన బర్రె ఆరో నెలలో ఈసుకుపోయింది. ఎలీసాలో, అంటే మేం చేసే ఆ రక్తపరీక్షలో, పాజిటివ్. "ఇదేనా అబ్బాయ్ కారణం?" అన్నాడు. పని తొందరలో "ఇదే" అనేశాను. వారం తిరక్కుండా దాన్ని వచ్చిన రేటుకు అమ్మేశాడు. ఆ తర్వాత మనసొప్పక ఆయన కొట్టానికి వెళ్లి మిగతా ఐదింటి రక్తం తీశాను. మూడు పాజిటివ్. మూడూ సుఖంగా ఈనినవే, పాలిస్తున్నవే.

ఎలీసాలో కనిపించేది ఆ పరాన్నజీవి కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు. అంటే ఆ పశువుకు అది ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం. బర్రెల్లో పాజిటివ్‌లు బాగానే కనిపిస్తాయి, ఆవులంతగా ఈసుకుపోవు. అందుకే ఈసుకుపోయినవాటితో పాటు బాగా ఈనినవాటి రక్తమూ కావాలి. రెంటికీ తేడా ఉంటేనే అనుమానానికి బలం. గట్టిగా తేలాలంటే పిండం మెదడు, గుండె చూడాలి. గ్లౌజులు వేసుకుని, రెండు కవర్లలో చుట్టి, ఐస్ మీద పెట్టి తెండి. గడ్డకట్టిస్తే మెదడు చూడటానికి పనికిరాదు.

నియోస్పోరా కుక్కల దగ్గర్నుంచి వస్తుంది. కుక్క మాయనో పిండాన్నో తింటే దాని పెంటలో గుడ్ల లాంటివి పడతాయి, అవి మేతలో, నీళ్లలో కలుస్తాయి. మన పెద్దలు మాయను గోనెసంచిలో కట్టి మర్రిచెట్టుకు వేలాడదీసేది పాలు ఎక్కువ రావాలని. కుక్కకు అందనంతవరకు ఆ పనీ మంచిదే, లోతుగా పూడ్చడం ఇంకా మంచిది. దాణా బస్తాల మీద కుక్కను పడుకోనివ్వకండి. తల్లి కడుపులోనే దూడకూ సోకుతుంది, దూడ చూడ్డానికి బాగానే ఉంటుంది. పెయ్యను మందకు ఉంచుకునేముందు పరీక్ష చేయించండి, కానీ ఆరు నెలలు దాటాక. అంతకుముందైతే జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలే పాజిటివ్ చూపిస్తాయి. దీన్ని పశువులో పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఉందని ఎవరైనా ఇంజెక్షన్ అమ్మితే కొనకండి.

ఏడో నెల దాటి ఈసుకుపోతే ముందు బ్రూసెల్లా చూస్తాం. అది బ్యాక్టీరియా, మాయ ముట్టుకున్నా పచ్చిపాలు తాగినా మనకూ అంటుకుంటుంది. దానికి చేసే రోజ్ బెంగాల్ రక్తపరీక్ష నాలుగు నిమిషాల పని, అది ఒక్క పశువుకైనా అదే రోజు చేస్తాం. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు ప్రభుత్వం ఉచితంగా వేసే బ్రూసెల్లా టీకా మాత్రం వదులుకోకండి.

ఎలీసా ప్లేటులో 96 గుంటలు. పది శాంపిళ్లకు ప్లేటు తెరిస్తే నాకు నష్టం, అందుకే నిండేదాకా ఆగుతాను. "రెండు రోజుల్లో రిపోర్టు" అని బోర్డు మీద రాసింది తుడిపేశాను, రెండు వారాలైనా పట్టొచ్చు.

సంక్రాంతి నుంచి ఒంటి కాగితం తీసుకెళ్లినవాళ్లు మిగతా పశువుల రక్తం తెస్తే డబ్బు తీసుకోను. ఎర్రమూత ట్యూబులు మా దగ్గరే ఇస్తాం. సిరంజిలో తేవద్దు, ఎండలో బండి డిక్కీలో అసలే పెట్టొద్దు.